రెండు బళ్ళు, ఒకే నంబరు

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం జరిగిన కథ కొంచెం చెప్పుకుని ముందుకు వెళదాం.

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఒక రైల్వే క్వార్టరు వెనక, రేకుల షెడ్డులో, ముదురాకుపచ్చ రంగు రెండు సీట్ల కారు ఒకటి ఉంది. దాని పేరు ఆల్డెన్. తొంభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక చిన్న కంపెనీ అలాంటి కార్లు పదకొండు మాత్రమే చేసి మూతబడింది. ఖరగ్‌పూర్‌లో ఉన్నది మెయిల్ రైలు డ్రైవర్ టోనిది. నలభై ఆరేళ్ళ కిందట అతను చనిపోయే ముందు, బండిని ముక్కలు కానివ్వనని చెల్లెలు ఎమిలీ దగ్గర మాట తీసుకున్నాడు. రైల్వే స్కూల్లో పాఠాలు చెప్పే ఎమిలీ, అప్పటికే విప్పేసి ఉన్న ఆ బండిని మళ్ళీ నిలబెట్టే పని వర్క్‌షాప్ ఫిట్టర్ వరాహనరసింహం చేతిలో పెట్టింది. అతను పద్నాలుగేళ్ళు కష్టపడి నిలబెట్టాడు.

ఇప్పుడు ఎమిలీకి ఎనభై. వరాహనరసింహానికి డెబ్భై నాలుగు. క్వార్టర్ల వరస మొత్తం కూల్చేస్తున్నారు, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి. బండిని టోని పేరు మీద ఉంచుకోవడానికి ఒక మ్యూజియం ఒప్పుకుంది. అయితే బండి అసలుదేనని రుజువు కావాలి, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వచ్చిందో, ఎప్పుడు ఏ భాగం మారిందో రాసిన చరిత్ర కావాలి. పక్కనే ఉన్న హిజ్లీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి రిటైరైన రాజశేఖర్ ఆ చరిత్ర రాయడానికి పూనుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం అతను షెడ్డుకు వచ్చి, బండి అడుగున ఉక్కు చట్రం మీద కొట్టిన నంబరుపై పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దాడు. రుద్దినవాడు ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయాడు.

అక్కడ ఆగాం.

కాగితం మీద 1047 అన్న అంకెలు నల్లగా తేలాయి. రాజశేఖర్ దాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాడు. మళ్ళీ వచ్చి ముందు చక్రం పక్కన గొంతుకూర్చున్నాడు.

"వరాహనరసింహంగారూ, ఒక స్పానర్ ఇస్తారా?"

గోడకు మేకుల మీద వరసగా వేలాడుతున్న వాటిలోంచి ఒకటి తీసి ఇచ్చాడు వరాహనరసింహం. ఏ నట్టు విప్పుతాడోనని చూశాడు. రాజశేఖర్ దేన్నీ విప్పలేదు. స్పానర్ పిడి మీద ఇంకో కాగితం పరిచాడు. మళ్ళీ పెన్సిలు అందుకున్నాడు.

అతను దేని దగ్గరికి వస్తున్నాడో వరాహనరసింహానికి అప్పుడు అర్థమైంది. షెడ్డులో కరెంటు పోయి అరగంటైంది. రేకులు కాలిపోయి, కింద ఉన్నవాళ్ళ నెత్తి మాడుతోంది. ఉన్నది ఒక్కటే తలుపు. దాని దగ్గరే రాజశేఖర్ తన స్టూలు వేసుకున్నాడు, స్టూలు మీద సంచీ, సంచీ మీద ఫోను. బయటికి వెళ్ళాలంటే అవన్నీ తియ్యమని అతన్ని అడగాలి.

"ఇది వర్క్‌షాప్‌లో మీ హాజరు టికెట్ నంబరే కదా?" రాజశేఖర్ రెండో కాగితం చూపించాడు. దాని మీద 4460 అని ఉంది.

"అవున్సార్. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ అదే నంబరు. షాపులో పనిముట్లు మారిపోతన్నాయనీసి అన్నిటి మీదా కొట్టుకున్నాను."

"మీరే కొట్టారా?"

"నానే. నంబర్ పంచ్‌లు నా దగ్గిరున్నాయి. టూల్ రూమ్‌లో పాత సెట్టు పక్కన పడీసినారు. మా ఫోర్‌మేన్ దాదా, తీస్కపో అన్నాడు."

"ఎందుకు పడేశారు?"

వరాహనరసింహం గోడ మీది స్పానర్లు సర్దుతున్నట్టు అటు తిరిగాడు. ఎందుకు పడేశారో అతనికి బాగా తెలుసు. ఆ సెట్టులో నాలుగు అంకెకు కాలి కొస విరిగింది. అందుకే పడేశారు.

రాజశేఖర్ రెండు కాగితాలూ బానెట్ మీద పక్కపక్కనే పెట్టాడు. "ఈ నాలుగు చూడండి, కింద కొస లేదు. బండి మీది నాలుగు చూడండి, దానికీ లేదు. ఇంగ్లండులో తొంభై ఏళ్ళ కిందట కొట్టిన నాలుగుకీ, ఖరగ్‌పూర్‌లో మీరు కొట్టిన నాలుగుకీ ఒకే చోట కాలు విరిగిందంటే నేను ఏమని రాయను?"

ఈ ప్రశ్న ఎవరో ఒకరు ఏదో ఒక రోజు అడుగుతారని వరాహనరసింహం నలభై ఏళ్ళుగా ఎదురుచూస్తూనే ఉన్నాడు. జవాబు కూడా తయారుగానే ఉంది.

"తుప్పు తినీసినాది బాబూ. నంబరు మసకైపోనాది. అందుకని దాని మీదే మళ్ళీ కొట్టినాను."

"అలా చేస్తారు. తప్పేం లేదు." రాజశేఖర్ గొంతు పెంచలేదు. "కానీ పాతదాని మీద కొడితే, పాత అంకె గీతలు ఎక్కడో ఒక చోట పక్కకి కనపడతాయి. ఇక్కడ ఏమీ లేవు. చుట్టూ లోహం నున్నగా ఉంది. అదీ కాక, మిగతా పది బళ్ళ ఫ్రేములూ నాలుగు మిల్లీమీటర్ల రేకు వంచి చేసినవి. ఇది ఉక్కు ఛానల్ ముక్కలు కలిపి రివెట్లు కొట్టింది. రివెట్లు ఎంత బాగున్నాయంటే, పాసింజరు రైలు పెట్టెల కింద మీ షాపులో కొట్టినవి గుర్తొచ్చాయి."

అతను ఎత్తిపొడవలేదు. నిజంగానే మెచ్చుకున్నాడు. వరాహనరసింహానికి అదే భరించలేనిదిగా తోచింది. ఈ బండిలో ఏ భాగం ఎక్కడినుంచి వచ్చిందో అతను నిద్రలో లేపినా చెప్పగలడు. పుచ్చిపోయిన చెక్క చట్రం బదులు, కండెమ్ చేసిన పాత బోగీ టేకు కోసి పెట్టాడు. అల్యూమినియం రేకును ఇసక సంచీ మీద పరిచి, కొయ్య సుత్తితో నెలల తరబడి కొట్టి మడ్‌గార్డు వంపు తెచ్చాడు. పిస్టన్లు హౌరాలో పోత పోయించి తెచ్చి, ఇక్కడ లేత్ మీద పట్టించాడు. వాటన్నిటి గురించీ వారం రోజులుగా రాజశేఖర్‌కు చెప్పాడు. రాజశేఖర్ అన్నీ రాసుకున్నాడు. మొదట కలకత్తా జనపనార మిల్లు మేనేజరు ఓడలో తెప్పించుకున్నాడనీ, స్వాతంత్ర్యం వచ్చాక మేదినీపూర్ దగ్గర ఒక జమీందారు కొడుకు కొని గోశాలలో పడేశాడనీ, అక్కడి నుంచి టోని రైలు వ్యాగన్ మీద ఖరగ్‌పూర్ తెచ్చాడనీ వరసగా కుదిరింది. ఉక్కు చట్రం దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ వరాహనరసింహం మాట మార్చాడు.

అప్పుడే గ్లాసుల చప్పుడైంది. కూతురు నాగవల్లి టీ తెచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ నాగవల్లి క్యారేజ్ షాపులో టెక్నీషియన్. ఈ క్వార్టరు ఇప్పుడు ఆమె పేరునే ఉంది. తండ్రి మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నానా, ఒంట్లో బాగులేదేటి?"

"ఏటీ నేదు. నువ్వు లోపలికి ఎల్లు."

ఆమె వెళ్ళలేదు. గ్లాసులు స్టూలు మీద సంచీ పక్కన పెట్టి తలుపుకు ఆనుకుని నిలబడింది.

రాజశేఖర్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "మీ ముందు ఒక విషయం పెట్టి, తరవాత మీ ఇష్టానికి వదిలేస్తాను. కూనూరులో మోహనకృష్ణ అని ఒకాయన ఉన్నారు. ఆయన దగ్గర ఇంకో ఆల్డెన్ ఉంది. దాని ఫ్రేము మీద కూడా 1047 అనే ఉంది. పదిహేనేళ్ళు కష్టపడి కట్టుకున్నారు. మన బండి సంగతి పేపర్లో వచ్చాక అక్కడి కార్ల క్లబ్బు వాళ్ళు ఆయన పేరు జాబితాలోంచి తీసేశారు. ఆయనది దొంగ నంబరని, మనది అసలని. ఆయన కూతుళ్ళు సైతం, నాన్నా నిజంగా ఆ నంబరు నువ్వే కొట్టావా అని అడిగారట. నాకు ఉత్తరం రాశారు. నేను మీ మాట విన్నాకే జవాబు రాస్తానన్నాను. మీరు అసలుదే అని సంతకం పెడితే మీ మాటే రాస్తాను. కానీ పెట్టబోయే ముందు ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి."

వరాహనరసింహం బండి మడ్‌గార్డు మీద చెయ్యి వేశాడు. వేడిగా ఉంది. చెయ్యి తీసేశాడు. ఎటు చూసినా గోడలే. అవును అంటే కూనూరులో ఎవరో తెలియని మనిషి దొంగ అవుతాడు. కాదు అంటే ఎమిలీ మిస్సు అన్నకిచ్చిన మాట మట్టిలో కలుస్తుంది, ఆ మట్టిలో కలిపిన చేతులు తనవే అవుతాయి. మ్యూజియం బండిని తీసుకోదు. నెల తిరిగేసరికి ఈ షెడ్డు ఉండదు.

"నాగీ, కూకో," అన్నాడు. తను కూడా పనిబల్ల అంచున కూర్చున్నాడు. "సారూ, ఆ ఫోను ఏస్కోండి. రికార్డు సేస్కోండి. రెండోమాటు సెప్పడానికి నా వల్ల కాదు."

రాజశేఖర్ ఫోను బానెట్ మీద పెట్టి నొక్కాడు.

"ఎనభై ఒకటిలో మా అయ్య పోనాడు. మందస దగ్గర మా ఊరు. కబురందగానే ఎల్లిపోనాను. పదహారు రోజులున్నాను. ఎల్లే ముందు ఆ ఫ్రేముకి తుప్పట్టకుండా రెడ్ లెడ్ రంగు ఏస్తన్నాను. షెడ్డులో గాలాడదనీసి ఎనకాల పెరట్లో రెండు దుంగల మీద పెట్టినాను. బయట ఉంచొద్దు వరాహం అని మిస్సు ముందే సెప్పింది. సరే మిస్సూ అన్నాను. ఆ కంగారులో లోపలెట్టడం మరిసిపోనాను. టార్పాలిన్ కప్పి ఎల్లిపోనాను."

నాగవల్లి నేల చూస్తోంది.

"తిరిగొచ్చేసరికి దుంగలున్నాయి, టార్పాలిన్ మడతెట్టుంది. ఫ్రేము నేదు. మా ఆడదాన్ని అడిగినాను. ఎవులో ఎత్తుకుపోనారు, నాకు తెల్దు అంది. తుక్కోళ్ళు తిరుగుతుండీవోరు అప్పుడు. తుక్కు దుకాణాలన్నీ తిరిగినాను. పోలీసుల కాడికి ఎల్తే మిస్సుకి తెలిసిపోద్ది. తమ్ముడిలాగా సూసుకున్నాడు నన్ను టోని సారు. ఆయన పానం అది. పోనాదని ఎలా సెప్తాను? వంకర తీయించడానికి తెలిసినోడి కాడ ఇచ్చినానని మిస్సుకి అబద్ధం ఆడినాను. కొలతలన్నీ ముందే ఆ గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను. ఛానలు తెచ్చి, ఏడు నెలలు పట్టి, దాన్ని సేసినాను. టోని సారు పుస్తకంలో నంబరుంది. అదే కొట్టినాను. ఇంత కాలం ఆ నాలుగుని సూసినప్పుడల్లా నన్నే సూస్తన్నట్టుండీది. ఎవులైనా బండి కిందకి ఒంగితే ముందు నానే అడ్డమెల్లీవోడిని. ఇంక రాసుకోండి. కూనూరు బాబుది దొంగ నంబరు కాదు. దొంగని నాను."

అతనికి ఒంట్లో బరువు తగ్గినట్టు అనిపించింది. చల్లారిపోయిన టీ తీసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. ఇప్పుడు ఎవరు ఏమన్నా పడవచ్చు అనుకున్నాడు.

రాజశేఖర్ మాత్రం ఇబ్బందిగా కదిలాడు. ఫోను రికార్డింగు ఆపేశాడు. సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు.

"మీరు చెప్పేదాకా ఇది చూపించకూడదనుకున్నాను. చూపిస్తే మీ మాట దీన్ని బట్టి మారుతుందేమోనని. ఆ ఫ్రేము ఎవరూ ఎత్తుకుపోలేదండీ. ఫ్రేముతో పాటు తన చేతికొచ్చిందని మోహనకృష్ణగారు పంపించిన కాగితం ఇది. అసలుదానికి నకలు."

ఇంగ్లీషులో నాలుగు వరసలున్న కాగితం. వరాహనరసింహం కళ్ళజోడు పెట్టుకున్నాడు. అతనికి తేదీ తెలిసింది, ఎనభై ఒకటి, అతను మందసలో ఉన్న రోజులవి. కింద ఎమిలీ సంతకం తెలిసింది. ఈ ఊళ్ళో రైల్వే పిల్లలెందరి ప్రోగ్రెస్ కార్డుల మీదో ఉండే ఆ సంతకం ఎవరైనా గుర్తుపడతారు. ఛాసిస్ ఫ్రేము, నంబరు 1047, నా ఇష్టపూర్వకంగా ఇచ్చేశాను అని రాజశేఖర్ చదివి వినిపించాడు.

"మిస్సే ఇచ్చీసిందా," అన్నాడు వరాహనరసింహం. కోపం రాలేదు. అర్థం కాలేదు. ఏడు నెలలు తను దొంగలాగా తలుపు గడియ వేసుకుని ఛానలు కోస్తుంటే, ఆమె వచ్చి పనెలా అవుతోంది అని అడిగేది. వంకర తీయించావా అని అడిగేది. తీయించినాను మిస్సూ అనేవాడు తను.

"కింద సాక్షి సంతకం ఉంది," అన్నాడు రాజశేఖర్. "అది తెలుగులో ఉంది."

సాక్షి అన్న చోట పెద్ద పెద్ద అక్షరాలు, గీత మీద నిలబడలేక పైకి ఎక్కుతూ ఉన్నాయి. అప్పలనర్సమ్మ. చివర మ కింద మ వొత్తు లేదు. మొదట ర పక్కన సున్నా పెట్టబోయి దిద్దిన గుర్తు ఉంది.

అప్పలనర్సమ్మ వరాహనరసింహం భార్య. ఆరేళ్ళ కిందట పోయింది. పెళ్ళైన కొత్తలో వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో ఆ అక్షరాలు ఆమెకు నేర్పింది అతనే. ఏడాది పట్టింది. నేర్చుకున్నాక రేషను కార్డు మీద మొదటిసారి సంతకం పెట్టి రోజంతా నవ్వుతూ తిరిగింది. ఆ తరవాత ఎప్పుడో మానేసింది. బ్యాంకులోనూ, నాగవల్లి స్కూల్లోనూ వేలిముద్రే వేసేది. ఏమే అంటే మరిసిపోనాను, సేతనవదు అనేది. ఎప్పుడు మానేసిందో అతను ఎన్నడూ లెక్కపెట్టుకోలేదు. ఇప్పుడు ఈ తేదీ పక్కన ఆ పేరు చూస్తుంటే తెలిసింది. ఆమె పెట్టిన ఆఖరు సంతకం ఇదే.

బయట ఎవరో పిలిచారు. బ్యాటరీ రిక్షా టోటో సందులోకి రాలేక మలుపు దగ్గర ఆగిందట, ఎమిలీ మిస్సు దిగుతోందట. ఆమె పూరీ గేట్ దగ్గర తన ఇంటి నుంచి నాలుగింటికి వస్తానంది, ఇద్దరూ కలిసి మ్యూజియం డిక్లరేషన్ మీద సంతకాలు పెట్టాలని.

"నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను," అని రాజశేఖర్ లేచాడు. కాగితం వరాహనరసింహం ఒళ్ళోనే వదిలి వెళ్ళాడు.

తండ్రీ కూతుళ్ళు మిగిలారు.

"నానా," అంది నాగవల్లి. "అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఓ మాట అంది. జ్వరంలో ఏదో అంటందనుకున్నాను. నీకు సెప్పలేదు."

"ఏటంది?"

"ఆ ఇనుము ఎవులూ ఎత్తుకుపోలేదే, నానే పంపీసినాను అంది. ఎందుకమ్మా అంటే, మీ అయ్యని ఇంట్లోకి తెచ్చుకుందావని అంది. డ్యూటీ దిగి షెడ్డుకే ఎల్లిపోతాడు, ఆదివారం షెడ్డే, పండగ షెడ్డే, నాతో మాటాడి ఎన్నాళ్ళైందో అంది. ఆ ఇనుము పోతే ఇంట్లోకొస్తాడనుకున్నాను, ఇంకా లోపలికి ఎల్లిపోనాడు అంది. ఏ ఇనుమో నాకు తెలవలేదు."

వరాహనరసింహం తలెత్తలేదు. ఫ్రేము పోయిన తరవాత ఏడు నెలలూ తను అన్నం కూడా షెడ్డులోకే తెమ్మనేవాడు. ఆమె కంచం తెచ్చి గుమ్మంలో పెట్టేది. లోపలికి రానిచ్చేవాడు కాదు, కొత్త ఛానలు చూస్తుందని. తను ఆమె నుంచి దాచాడు. ఆమె తన నుంచి దాచింది. అటూ ఇటూ నిలబడ్డ ఆ ఇద్దరి మధ్యా ఒక తలుపే ఉండేది. ఒక్క మాట చాలేది. ఏటే, నువ్వే పంపినావా అని అడిగినా చాలేది. పదకొండేళ్ళు అలా గడిచి బండి పూర్తయింది. బండి పూర్తయ్యాక ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు.

"ఒక్కమాటు అడిగినా అది సెప్పేసుండును కాదేటి," అన్నాడు. ఎవరిని అడిగాడో తెలియదు. నాగవల్లి వచ్చి పక్కన కూర్చుంది.

ఎమిలీ లోపలికి వచ్చింది. పొట్టి జుత్తు, పూల గౌను, చేతిలో కర్ర. ఇన్నేళ్ళలో పిల్లల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెది. రాజశేఖర్ దారిలో ఏదో చెప్పినట్టున్నాడు. ఆమె మొహం బిగుసుకుని ఉంది. స్టూలు మీద కూర్చోగానే చెయ్యి చాపింది.

"ఆ కాగితం ఇవ్వు, వరాహం."

ఇచ్చాడు. ఆమె చాలాసేపు చదివింది. నాలుగు వరసలకు అంతసేపు అక్కరలేదు. చదివి, రెండు మడతలు పెట్టి, రాజశేఖర్ వైపు తిరిగింది.

"ఇది నా సంతకం కాదు."

రాజశేఖర్ తడబడ్డాడు. "మేడం, నా దగ్గర మీ ఉత్తరాలున్నాయి. అదే చేతిరాత."

"ఈ ఊళ్ళో నా సంతకం వెయ్యి మందికి వచ్చు. నా స్టూడెంట్సే నకలు చేసినారు, ప్రోగ్రెస్ కార్డు కోసం. నేను టోనికి ప్రామిస్ చేసినాను. దాంట్లో ఏదీ నేను అమ్మను. దేఖో, ఈ బండి నా బ్రదర్‌ది. అది ఒరిజినల్. బస్, అంతే."

"సాక్షి సంతకం కూడా ఉంది కదండీ."

"అదే నకలుకి ప్రూఫ్." ఆమె ఆ మాట ముందే ఆలోచించుకున్నట్టు చెప్పింది. "అప్పలనర్సమ్మకి చదువు రాదు. అందరికీ తెలుసు. బ్యాంకులో అడుగు, స్కూల్లో అడుగు, అన్నిచోట్లా థంబ్. ఈ నాగవల్లినే అడుగు. నాగవల్లీ, మీ అమ్మ ఎప్పుడైనా సంతకం పెట్టిందా?"

నాగవల్లి తండ్రి వంక చూసింది. "నేను సూడలేదు మిస్సూ," అంది నెమ్మదిగా. అబద్ధం కాదు. ఆమె పుట్టకముందే అప్పలనర్సమ్మ సంతకం మానేసింది.

రాజశేఖర్ ఫోను మళ్ళీ బానెట్ మీద పెట్టాడు. పెట్టి, నొక్కవచ్చా అన్నట్టు వరాహనరసింహాన్ని చూశాడు.

అక్కడున్న నలుగురిలో ఆ జవాబు తెలిసింది ఇద్దరికే. ఎమిలీ కాదంటోంది. ఇంక మిగిలింది తనే. గచ్చు మీద సుద్దముక్కతో దిద్దించిన సంగతి తను తప్ప చెప్పేవాళ్ళు ఎవరూ బతికి లేరు. రాదు అని ఒక్క మాట అంటే చాలు, ఇందాకటి తన ఒప్పుకోలు కూడా ముసలివాడి మతిమరుపుగా పోతుంది. బండి మ్యూజియానికి వెళ్తుంది. మిస్సు తలెత్తుకుని పోతుంది. కూనూరు మనిషి ఎక్కడో దూరంగా ఉన్నాడు. కానీ అప్పలనర్సమ్మ తన చేత్తో రాసిన ఆ ఒక్క కాగితం దొంగ కాగితమవుతుంది. ఆమె అడగలేక అడిగిన ఒకే ఒక్క మాట అది.

"చెప్పు వరాహం," అంది ఎమిలీ. "నీ వైఫ్‌కి సంతకం వచ్చా?"

ఆమె కళ్ళు అతని మీదే ఉన్నాయి. అవి బతిమాలుతున్నాయో, బెదిరిస్తున్నాయో వరాహనరసింహానికి తెలియలేదు. నొక్కండి సారూ అన్నట్టు రాజశేఖర్‌కు తలాడించాడు.

"వచ్చు మిస్సూ," అన్నాడు. "నానే నేర్పినాను. అది దాని సంతకమే. మ వొత్తు ఎప్పుడూ మరిసిపోయీది."

ఎమిలీ కాగితాన్ని మడతలు విప్పి ఒళ్ళో పరుచుకుని, ఆ తెలుగు అక్షరాలను వేలితో తడిమింది. ఆమె మొహంలో బిగువు పోయింది. ఇంత ముసలిదని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు.

"ఆ ఫోను ఆపు, రాజశేఖర్," అంది.

అతను ఆపాడు.

"నిన్ను ఇంట్లోకి తెచ్చుకోడానికి పంపించిందనుకుంటున్నావు కదా? ఎవరైనా అడిగితే అదే చెప్తానని ఆమె అప్పుడే నాతో అంది." ఎమిలీ అతన్ని చూడలేదు. "నువ్వు మందసలో ఉన్న ఆ పదహారు రోజుల్లో ఈ ఇంట్లో ఏం జరిగిందో నేను ఎవరికీ చెప్పలేదు, వరాహం. అప్పలనర్సమ్మ నా కాళ్ళ మీద పడి మాట తీసుకుంది. టోనికిచ్చిన మాట తప్పినాను, ఆమెకిచ్చిన మాట కోసం. ఇప్పుడు దాన్ని కూడా తప్పమంటావా?"

వరాహనరసింహం లేచి నిలబడ్డాడు. తలుపు తీసే ఉంది. రాజశేఖర్ పక్కకి జరిగాడు. వెళ్ళిపోవాలంటే వెళ్ళిపోవచ్చు. అతను వెళ్ళలేదు.

నాగవల్లి లేచి తండ్రికి ముందుగా నిలబడింది.

"ఆయన్ని అడక్కండి మిస్సూ," అంది. "నాకు సెప్పండి."